రైట్ కవర్ మస్తాన్ కుడిచెయ్యి

2018లో నేను ఉదయగిరిలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. బళ్ళో పిల్లలకు పీఈటీ సారును. మిగతా అయ్యవార్లకు మాత్రం బెల్లు కొట్టేవాణ్ణి, ప్రార్థనలో వరసలు సరిచేసేవాణ్ణి. స్టాఫ్ మీటింగులో చివరి కుర్చీ నాది. ఆ కుర్చీకి ఒక చెయ్యి విరిగిపోయి ఉండేది. మార్చమని రెండుసార్లు రాసి ఇచ్చాను, మార్చలేదు. ఈ సంగతి ఇక్కడ ఎందుకంటే, నాకు జరిగిన ఏ అవమానాన్నీ నేను కాగితం లేకుండా వదలలేదు. నేను చెప్పబోయే కథలో ఆ కాగితాలకూ చోటుంది.

బడికి వెళ్ళే ముందు, తెల్లవారగానే కొండ కింద ఖాళీ స్థలంలో కుర్రాళ్ళకు కబడ్డీ నేర్పేవాణ్ణి. రాళ్ళు ఏరి, ముగ్గుతో గీతలు గీసుకున్న కోర్టు అది. చూడటానికి వచ్చే జనం కూతకు వెళ్ళేవాణ్ణి, అంటే రైడర్‌ను చూస్తారు. కాస్త ఆట తెలిసినవాళ్ళు కార్నర్‌ను చూస్తారు. వరసకు రెండు చివర్లా నిలబడి రైడర్ చీలమండ పట్టేవాడు కార్నర్. చప్పట్లు, ఫొటోలు అతనికే. వరస లోపలివైపు నిలబడేవాడిని కవర్ అంటారు. కార్నర్‌కూ కవర్‌కూ మధ్య నిలబడేవాడు ఇన్. ఈ లోపలి ఇద్దరినీ ఎవరూ చూడరు. నేను మాత్రం ఏ జట్టు ఆడుతున్నా ముందు వాళ్ళనే చూస్తాను.

కవర్‌కు కావలసింది బలం కంటే ఓపిక. వాడు ముందు దూకకూడదు. రైడర్ చేతులు చూపించి ఆశపెడతాడు, చూడకూడదు, నడుము చూడాలి. నడుము ఎటు తిరిగితే మనిషి అటే పోతాడు. కార్నర్ కాలు పట్టిన క్షణంలో రైడర్‌కు మధ్యగీత వైపు ఒకే ఒక దారి ఉంటుంది. ఆ దారిని ఛాతీతో మూసేసేవాడే కవర్. ఒక్క అర అడుగు ముందు కదిలితే రైడర్ తాకి పారిపోతాడు, ఒక్క అర అడుగు ఆలస్యమైతే కార్నర్ చేతుల్లోంచి కాలు జారిపోతుంది. పేరు కోసం ముందే దూకే కవర్ ఉన్న జట్టును ఓడించడానికి ఎదుటివాళ్ళు పెద్దగా కష్టపడనక్కరలేదు.

ఆ చోటుకు పుట్టినవాడు మస్తాన్. పంతొమ్మిదేళ్ళు. ఇంటర్ అయ్యాక తండ్రి ఖాదర్ బాషాతో కలిసి చెక్క స్పూన్లు, గరిటెలు చెక్కేవాడు. మా ఊళ్ళో ఎన్నో ముస్లిం కుటుంబాలకు అదే పని. కొండ మీది నర్ది కర్రను బాడిశతో చెక్కి, ఆకురాయితో రాసి, పిడికి సన్నని పువ్వులు తీస్తారు. మస్తాన్ తీసిన పువ్వులో రేకులు లెక్కపెట్టవచ్చు. ఖాదర్ బాషా నాతో ఒకసారి అన్నాడు: "సార్, ఆట మీరు నేర్పించుకోండి, నేను వద్దనను. ఆ కుడిచెయ్యి మాత్రం నాది. నాకు చూపు తగ్గిపోతా ఉండాది. ఇంక మా ఇంట్లో పువ్వు తీసే చెయ్యి అదొక్కటే."

"నీ చెయ్యి నీకు భద్రంగా అప్పజెప్తానయ్యా," అన్నాను.

మస్తాన్ పక్కన రైట్ ఇన్‌గా వరికుంటపాడు నుంచి మోటారు సైకిల్ మీద వచ్చే పెంచలయ్య ఆడేవాడు. వీళ్ళిద్దరూ చేతులు పట్టుకుని నిలబడతారు. దాన్ని చైన్ అంటారు. మస్తాన్ కుడిచెయ్యి పెంచలయ్య ఎడమచేతిలో ఉంటుంది. రైడర్ ఎదురుగా ఉండగా నోటితో మాట్లాడుకోలేరు కాబట్టి చేతులతో మాట్లాడుకుంటారు. ఒకసారి నొక్కితే ఆగు. రెండుసార్లు నొక్కితే పోదాం. రెండేళ్ళు రోజూ చేసి చేసి, చివరికి నొక్కకుండానే తెలిసేంత దాకా వచ్చింది వాళ్ళకు.

ఆ చేతులు పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. నాలుగు వేళ్ళూ కొక్కెంలా వంచి ఒకరి కొక్కేన్ని ఒకరు తగిలించుకోవాలి. స్నేహితులు నడిచేటప్పుడు పట్టుకున్నట్టు వేళ్ళలో వేళ్ళు దూర్చకూడదు. కొక్కెం అయితే ఎవరు వేళ్ళు చాపినా చెయ్యి వెంటనే ఊడి వస్తుంది. వేళ్ళలో వేళ్ళు ఉంటే ఇద్దరూ వదిలితే తప్ప రాదు. నా దగ్గరికి వచ్చిన ప్రతివాడికీ మొదటిరోజు నేర్పేది ఇదే. ఒక్కడికి తప్ప.

ఆ ఏడాది ఆత్మకూరులో టోర్నమెంటు పెట్టారు. జిల్లా జట్టుకు పేర్లు రాసుకునేవాళ్ళు ఫైనల్‌కు వస్తున్నారని, మస్తాన్ పేరు వాళ్ళ చెవిన పడిందని విన్నాను. మా జట్టుకు జెర్సీలు కుట్టించి, వ్యాను మాట్లాడింది ఒక మాజీ సర్పంచి. పదవి పోయి చాలా ఏళ్ళయినా అందరూ ప్రెసిడెంటు గారనే పిలిచేవాళ్ళు. ఫైనల్ రోజు మధ్యాహ్నం, భోజనాలు అయ్యాక, ఆయన తన మేనల్లుడు నరేష్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. నరేష్ చెడ్డవాడు కాదు. మా దగ్గర అప్పుడప్పుడు కూతకు వెళ్ళి ఆడేవాడు, చేతులు పట్టుకుని వరసలో ఎప్పుడూ నిలబడలేదు.

"అయ్యవారా, మావోడు ఈ పొద్దు ఆడతాడు," అన్నాడు ప్రెసిడెంటు.

"రైడర్లు ముగ్గురూ కుదిరినారండీ. ఖాళీ లేదు."

"ఖాళీ లేకపోతే చేసుకోవాల. ఆ మూల నిలబడి చేతులు పట్టుకునేదానికి గూడా చదువు కావాల్నా? ఆ పెంచలయ్యగాడిని కూర్చోబెట్టు."

"అది మూల కాదండీ, ఇన్. అక్కడ నిలబడేవాడికి..."

"ఏందయ్యా, బెల్లు కొట్టేవాడివి నాకు ఆట చెప్తావా?"

అక్కడ పదిమంది ఉన్నారు. ఇద్దరు నవ్వారు. ఆ ఇద్దరి పేర్లూ నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. నేను జట్టు జాబితాలో పెంచలయ్య పేరు కొట్టేసి నరేష్ పేరు రాసి సంతకం పెట్టాను. పెంచలయ్య మోకాలి పట్టీలు విప్పలేదు, అంతే.

ఆట మొదలవడానికి ఇంకా గంటకు పైగా సమయం ఉంది. కొక్కెం పట్టు నేర్పడానికి పది నిమిషాలు చాలు. నరేష్ నా దగ్గరికి వచ్చి, "సార్, నేనేం చెయ్యాల?" అని అడిగాడు కూడా. "మీ మామను అడుగు, ఆయనకు అంతా తెలుసు," అన్నాను. వాణ్ణి పెట్టింది వాళ్ళు కదా, వాళ్ళే నేర్పుకోనీ అనుకున్నాను. మస్తానే వాడికి నొక్కుళ్ళ సంగతి చెప్పుకున్నాడు. పట్టు సంగతి చెప్పాలని మస్తాన్‌కు తోచలేదు. మా దగ్గర ఆడేవాళ్ళకు అది అన్నం కలుపుకోవడం లాంటిది, ఒకరికి చెప్పాల్సిన విషయమనే అనిపించదు.

ప్రెసిడెంటుకు వేదిక మీద కుర్చీ వేశారు. ఫైనల్లో మాకు ఎదురైన కొండాపురం జట్టు కోచ్‌కు కోర్టు పక్కన కుర్చీ వేశారు. నాకు వెయ్యలేదు. నిలబడే చూశాను.

మొదటి సగం ఎలాగో గడిచింది. నరేష్ వైపు రైడర్ వచ్చినప్పుడల్లా మస్తాన్ ఒక్కసారే నొక్కి ఆపుతున్నాడని దూరం నుంచే నాకు తెలుస్తోంది. రెండో సగంలో, ఆట ఇంకో ఆరు నిమిషాలు ఉందనగా, కొండాపురం పొడుగు రైడర్ మా కుడివైపు లోతుగా వచ్చాడు. మా కార్నర్ వాడి చీలమండ పట్టాడు. శుభ్రమైన పట్టు. మస్తాన్ రెండుసార్లు నొక్కి ముందుకు వెళ్ళాడు. రైడర్ రెండో కాలు విసిరాడు. ఆ కాలు చూసి నరేష్ బెదిరి వెనక్కి గుంజుకున్నాడు. చెయ్యి మాత్రం వదల్లేదు. వేళ్ళలో వేళ్ళు ఉన్నాయి. మస్తాన్ శరీరం ముందుకు, చెయ్యి వెనక్కి. మనిషి గిర్రున తిరిగి, వెనక్కి మడిచిన కుడి అరచెయ్యి నేలకు ఆనించి పడ్డాడు. వాడి మీద కార్నర్, ఆ పైన రైడర్. రైడర్ దొర్లి గీత అందుకున్నాడు. వాళ్ళకు రెండు పాయింట్లు. మస్తాన్, కార్నర్ ఇద్దరూ అవుట్.

అవుట్ అయినవాళ్ళు కోర్టు వెనక కూర్చోవాలి. నేను అక్కడికి వెళ్ళాను. చిన్న టోర్నమెంటు కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు. ప్రథమ చికిత్స పెట్టె అడిగితే నిర్వాహకులు దూది, టించరు సీసా ఇచ్చారు. మస్తాన్ కుడి మణికట్టును ఎడమచేత్తో పట్టుకుని కూర్చున్నాడు. ముఖం తెల్లబోయి ఉంది.

"వేళ్ళు ఆడించు."

ఆడించాడు.

"నొప్పి ఎక్కడ?"

బొటనవేలి మొదలు చూపించాడు. "ఈడ సార్. లోపల యాడో."

బొటనవేలు చాపితే దాని మొదట్లో ఒక చిన్న గుంట పడుతుంది. అక్కడ నొక్కినప్పుడు ప్రాణం పోయేంత నొప్పి ఉంటే ఆ చెయ్యి ఇంక ఆటకు పనికిరాదని అర్థం. ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు తెలియదు. కానీ తెలియకపోవడం ఒక్కటే కాదు కారణం. మా రైడర్ పాయింట్లు తెస్తున్నాడు. మస్తాన్ మళ్ళీ లోపలికి వెళ్ళే వంతు వస్తోంది. నా దగ్గర ఒక టైమ్ అవుట్ మిగిలి ఉంది. వాడు లోపలికి వెళ్ళగానే ఆట ఆపించి, వాడి బదులు పెంచలయ్యను పంపవచ్చు. పెంచలయ్య నా వెనకే, పట్టీలు విప్పకుండా నిలబడి ఉన్నాడు.

"సార్, నేను పోతా. వాడి చెయ్యి చూడండి, వాస్తా ఉండాది," అన్నాడు.

నేను వేదిక వైపు చూశాను. ప్రెసిడెంటు పక్కవాడితో ఏదో చెప్పి నవ్వుతున్నాడు. ఆయన మనిషిని జట్టులో పెట్టుకుని కూడా గెలిచానని ఆయనకు చూపించాలి. అప్పుడు నా మనసులో ఉన్నది అదొక్కటే. మస్తాన్ మణికట్టుకు గుడ్డ పట్టీ బిగించి చుట్టి అడిగాను.

"ఆడగలవా?"

చుట్టూ జట్టు, అవతల పేర్లు రాసుకునేవాళ్ళు. పంతొమ్మిదేళ్ళవాడు ఏం చెబుతాడు?

"ఆడతా సార్."

చివరి కూతకు మేము ఒక పాయింటు వెనకబడి ఉన్నాం. కోర్టులో మావాళ్ళు ముగ్గురే మిగిలారు: కార్నర్, నరేష్, మస్తాన్. ముగ్గురే ఉన్నప్పుడు రైడర్‌ను పట్టుకుంటే రెండు పాయింట్లు వస్తాయి. మస్తాన్ ఈసారి నరేష్‌కు చెయ్యి ఇవ్వలేదు. చెయ్యి పొట్టకు ఆనించుకుని ఒంటరిగా నిలబడ్డాడు. పొడుగు రైడర్ వచ్చాడు, కార్నర్ కాలు పట్టాడు, మస్తాన్ దారి మూశాడు. ఎంత సరిగ్గా మూశాడంటే, నా ఇన్నేళ్ళ పనిలో అంత మంచి కవర్ ఆట మళ్ళీ చూడలేదు. రెండు చేతులూ రైడర్ నడుం చుట్టూ వేసి బిగించాడు. విజిల్ అయ్యాక కూడా విప్పలేదు. విప్పలేకపోయాడు. ఎడమచేత్తో కుడిచేతిని విడదీసుకున్నాడు.

కప్పు నరేష్ చేతిలో పెట్టి ఫొటో తీశారు. నా ముఖం సగం వరకే పడింది. పేపర్లో నా పేరు తప్పు వేశారు.

మర్నాడు మస్తాన్‌ను నేనే ఆత్మకూరులో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఎక్స్‌రే తీసి, ఏమీ విరగలేదు, మందు రాసుకోమన్నాడు. ఒక చీటీ రాసి నా చేతికిచ్చాడు. మస్తాన్‌ను ఉదయగిరి బస్సు ఎక్కించి నేను పని మీద నెల్లూరు పోయాను.

మందులు వాడారు. వాపు తగ్గింది, నొప్పి తగ్గలేదు. నెల దాటాక కట్టు కట్టేవాడి దగ్గరికి వెళ్ళారు. పసర్లు పూసి వెదురు బద్దలతో కట్టాడు. ఈ మధ్యలో జిల్లా జట్టు శిబిరానికి మస్తాన్‌ను పిలిచారు. పిడికిలి బిగించలేని చేతితో వెళ్ళి, మొదటిరోజే తిరిగి వచ్చాడు. ఆరు నెలలకు బాడిశ చేతిలోంచి జారి కాలి మీద పడితే, అప్పుడు ఖాదర్ బాషా కొడుకును నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. నేనూ వెళ్ళాను. అక్కడి ఎముకల డాక్టరు ఫిల్ము వెలుతురుకు పెట్టి చూపించాడు. మణికట్టులో జీడిగింజంత ఎముక. రెండు ముక్కలై ఉంది.

"ఇది మొదటి ఎక్స్‌రేలో చాలాసార్లు కనపడదు," అన్నాడు. "పది రోజులకు మళ్ళీ తీస్తే కనపడుతుంది. అప్పుడు వచ్చుంటే పిండికట్టుతో పోయేది. ఇప్పుడు ఒక ముక్కకు రక్తం పోవడం లేదు. ఎందుకింత ఆలస్యం చేశారు?"

ఖాదర్ బాషా తన చేతులు చూసుకుంటూ నిలబడ్డాడు.

ఆపరేషను చేసి స్క్రూ వేశారు. నొప్పి కొంత తగ్గింది. చెయ్యి వంగడం లేదు. ఉలి పట్టుకుంటే పట్టు నిలవదు. అన్నం ముద్ద నోటిదాకా వస్తుంది, పువ్వు రాదు.

నేను ఊరుకోలేదు. ఊరుకోవడం నాకు చేతకాదు. ప్రెసిడెంటు ఇంటికే వెళ్ళి అడిగాను. "ఆటన్నాక దెబ్బలు తగలవా అయ్యవారా? పో, పోయి బెల్లు కొట్టుకో," అన్నాడు. అర్జీ రాశాను. చివరి నిమిషంలో జట్టు మార్పించిన పెద్దమనిషి మీద, ప్రథమ చికిత్స పెట్టె సరిగ్గా పెట్టని నిర్వాహకుల మీద. మండలానికి ఇచ్చాను, డివిజన్‌కు ఇచ్చాను, సోమవారం గ్రీవెన్స్‌కు నెల్లూరు బస్సెక్కి వెళ్ళి ఇచ్చాను. "క్రీడల్లో గాయాలు సహజం" అని ఒకే ఒక్క జవాబు వచ్చింది. దాని మీద మళ్ళీ రాశాను. మొత్తం ఏడు అర్జీలు. ఎనిమిదోదానిలో బాధితుడి సంతకం కూడా ఉంటే బలంగా ఉంటుందని ఒకరు సలహా ఇచ్చారు. ఫైలు చంకన పెట్టుకుని మస్తాన్ ఇంటికి వెళ్ళాను. దెబ్బ తగిలి అప్పటికి రెండేళ్ళు.

వాకిట్లో మస్తాన్ తల్లి పక్కన కూర్చుని, చెక్కిన గరిటెలకు ఎడమచేత్తో ఉప్పుకాగితం రుద్దుతున్నాడు. వాళ్ళ ఇంట్లో అది ఆడవాళ్ళు చేసే పని. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, పీట వేశాడు.

"ఇంకా రాస్తానే ఉండారా సార్?"

"వదిలేది లేదు. నువ్వు చదివి సంతకం పెట్టు."

ఫైలు ఒళ్ళో పెట్టుకుని ఎడమచేత్తో కాగితాలు తిప్పాడు. నేను ప్రతి కాగితం తేదీ ప్రకారం కుట్టి పెడతాను. ముందు ఏడు అర్జీలు, రసీదులు. ఆ కింద టోర్నమెంటు అయిన వారం పది రోజుల్లో నేను రాసినవి: కుర్చీ వెయ్యనందుకు నిర్వాహకులకు ఒకటి, పేరు తప్పు వేసినందుకు పేపరు వాళ్ళకు ఒకటి. ఆ రెండింటి కింద ఒక చిన్న చీటీ ఉంది. మస్తాన్ దాని దగ్గర ఆగాడు.

"నరేష్ వచ్చిపోయినాడు సార్ మొన్న," అన్నాడు చీటీ చూస్తూనే. "'చెయ్యి ఎట్టా పట్టుకోవాల్నో నాకెవరూ చెప్పలేదురా' అని ఏడ్చినాడు. నేనేం అనలేదు. వాడిది తప్పు కాదని నాకు ముందే తెలుసు."

నేను కలం తీసి వాడి ముందుకు జరిపాను.

"అర్జీలో అన్నీ ఉండాయి సార్. వాళ్ళు చేసినవి అన్నీ ఉండాయి." చీటీని కుట్టులోంచి నెమ్మదిగా పీకాడు. "ఇది మాత్రం మీ కాడ ఎందుకుండాది సార్?"

ఆత్మకూరు డాక్టరు చీటీ అది. కింద రెండు వాక్యాలు. నొప్పి ఉంటే పది రోజులకు మళ్ళీ ఎక్స్‌రే తీయించాలి. అంతవరకు చెయ్యి కదపరాదు.

ఆ రోజు నెల్లూరు బస్సులో దాన్ని చదివాను. ఖాదర్ బాషాకు చెప్పాలనుకున్నాను. చెప్పాననే అనుకున్నాను కూడా. ఇంటికి వచ్చాక, ఏ కాగితాన్నీ పారేయని అలవాటు కొద్దీ, తేదీ ప్రకారం ఫైల్లో కుట్టేశాను. ఆ పది రోజులూ నా కుర్చీ గురించి, నా పేరు గురించి రాస్తూ కూర్చున్నాను.

మస్తాన్ తల్లి రుద్దడం ఆపింది. "ఏంది మస్తానూ ఆ కాగితం?" అని అడిగింది.

"ఏం లేదమ్మా. పాత మందుల చీటీ," అన్నాడు.

మళ్ళీ సంతకం అడగలేదు నేను. ఎనిమిదో అర్జీ ఇంటికి తెచ్చి తిరగరాశాను. ప్రెసిడెంటు పేరు తీసెయ్యలేదు, నిర్వాహకులను వదల్లేదు. ఆ రెండు పేర్ల కింద మూడో పేరు నాది రాశాను: వరసలో నిలబెట్టినవాడికి పట్టు నేర్పనందుకు, విరిగిన చేతిని తిరిగి ఆటలోకి పంపినందుకు, చీటీ ఇవ్వనందుకు. రసీదు ఇచ్చారు. జవాబు రాలేదు.

ఇప్పుడు ఆత్మకూరు వైపు వేరే బళ్ళో పనిచేస్తున్నాను. ఇప్పటికీ కుర్రాళ్ళకు నేర్పుతున్నాను. డిఫెన్స్‌లో లోపలివాళ్ళకు ఏం కావాలని ఎవరైనా అడిగితే ఇదివరకు ఓపిక, నడుము మీద చూపు అని చెప్పేవాణ్ణి. ఇప్పుడు ముందు పక్కవాడి సంగతి చెబుతాను. కవర్ తన చెయ్యి పక్కవాడికి ఇచ్చేసి ఆడతాడు. ఆ పక్కవాణ్ణి ఎవరు పెట్టారన్నది, పెట్టినవాడు నన్ను ఏమన్నాడన్నది ఆ చేతికి అనవసరం. నాకు గిట్టనివాడు తెచ్చి నిలబెట్టినా సరే, పట్టు నేర్పకుండా గీత దాటనివ్వను. దెబ్బ తగిలినవాణ్ణి ఆడగలవా అని అడగను. బొటనవేలి మొదటి గుంటలో నొక్కి చూసి, నేనే బయటికి తీస్తాను. డాక్టరు చీటీ ఇంట్లోవాళ్ళ చేతిలో పెట్టి, చదివించి వస్తాను.

ప్రెసిడెంటు నన్నన్న మాట మర్చిపోలేదు. నవ్విన ఇద్దరినీ మర్చిపోలేదు. ఆ కాగితాలన్నీ ఫైల్లోనే ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఆ చీటీని మస్తాన్ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తిరిగి ఇవ్వలేదు. నేను అడగలేదు.